మా చేను కింద ఏముందో చూపే పటం

గోదావరిఖని పేరులోనే ఖని ఉంది. ఇక్కడ పుట్టిన పిల్లలకు అక్షరాలు దిద్దకముందే ఓసీపీ, ఇంక్లైన్, ఫస్ట్ షిఫ్ట్, ఓబీ గుట్ట అనే మాటలు వచ్చేస్తాయి. బ్లాస్టింగ్ మోతకు కిటికీ తలుపులు అదిరినా తరగతిలో ఒక్కరూ తల తిప్పరు. "మీ ఇంటి కింద ఏముంది?" అని అడిగితే అందరూ ఒకే మాట అంటారు: "బొగ్గు, టీచర్." ఎంత లోతున ఉంది, ఇంకా ఉందా తవ్వేశారా, తవ్వినచోట ఇసుక నింపారా లేక నీళ్ళు నిలిచాయా అని అడిగితే మాత్రం జవాబు రాదు. పిల్లలకే కాదు, వాళ్ళ ఇళ్ళల్లో పెద్దలకూ చాలామందికి తెలియదు.

మా నాన్న తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపి బతికిన మనిషి. అడవిలో గోండు గూడెం నుంచి వచ్చి బాయి పనిలో చేరాడు. బాయి లోపల తోవలన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఎన్నో డిప్పు, ఎన్నో లెవెలు, ఎక్కడ రూఫ్ బాగలేదు, ఎక్కడ నీళ్ళ పంపు ఉంది, అన్నీ చెప్పేవాడు. "నాయినా, ఆ లెవెలు మీద పైన ఏ ఊరుంది?" అని అడిగితే నవ్వేవాడు. "పైన ఏముందో మాకెట్ల తెలుస్తది బిడ్డా? కింద మాకు నెంబర్లే." పైనున్నవాళ్ళకు కింద తెలియదు, కిందున్నవాళ్ళకు పైన తెలియదు. రెండూ కలిపి చూపేది ఒక్కటే, పటం. ఆ పటం ఎప్పుడూ ఆఫీసులోనే ఉండేది.

ఈ వ్యాసం ఆ పటాల గురించే. మన యువకులు, మన టీచర్లు వాటిని ఎక్కడ వెతకాలో, ఎట్లా చదవాలో, చదివితే ఏం వస్తుందో నాకు తెలిసినంత రాస్తున్నాను.

మన నేలను గీసిన చరిత్ర కొత్తది కాదు. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కు తీసుకుంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ తేదీనే ఇవాళ మన బొగ్గుబాయిల్లో సింగరేణి దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇప్పుడా కంపెనీలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. ప్రాణహిత గోదావరి లోయ వెంట సుమారు 350 కిలోమీటర్ల పొడవున ఈ బొగ్గు పరుచుకుని ఉందని కంపెనీయే చెబుతుంది. ఆ 350 కిలోమీటర్లను ఒకసారి కళ్ళ ముందు పెట్టుకోండి. ఆసిఫాబాద్, బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం, భూపాలపల్లి, ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు. ఆ గీత వెంటే గోండులు, కోలాములు, నాయకపోడ్లు, కోయలు ఉన్నారు. బొగ్గు పటం, ఆదివాసీ పటం ఒకదాని మీద ఒకటి పెడితే చాలాచోట్ల ఒకటే నేల.

మన దగ్గర ఇంకో పటం చరిత్ర కూడా ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణం ఇచ్చింది భూమి కోసం, అడవి కోసం. ఆ తర్వాతే నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను పంపి గోండుల స్థితిని చూడమంది. 1943లో మార్లవాయిలో గోండు పిల్లల కోసం, గోండు టీచర్ల శిక్షణ కోసం బడి మొదలైంది. భూమి కాగితం, బడి, రెండూ ఒకే పోరాటం నుంచి మన చేతికి వచ్చాయి. అందుకే పటం చదవడం నేర్పడాన్ని ఆదివాసీ టీచర్ పనిలో భాగమే అనుకుంటాను.

రెండేళ్ళ కింద మా మేనమామ కొడుకు ఫోన్ చేశాడు. మా అమ్మగారి ఊరు ఆసిఫాబాద్ అవతల అడవి అంచున ఉంటుంది.

"వదినె, మన చేన్లల్ల ఎవలో వచ్చి మిషన్ పెట్టి బోరు దింపుతున్నరు. నీళ్ళ కోసం కాదట. దింపినకాడ సిమెంటు దిమ్మె కట్టి నెంబరు రాస్తున్నరు."

"ఎవరంట? ఏ ఆఫీసోళ్ళు?"

"అడిగితే సర్వే అన్నరు. ఇంకేం చెప్పలే. నాయిన ఒక్కటే అంటున్నడు, టీచరమ్మను అడుగు అని."

ఆదివారం పొద్దున బస్సెక్కి పోయాను. మామ చేను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. జొన్న చేను మధ్యలో మోకాలెత్తు దిమ్మె, దాని మీద అక్షరాలు, అంకెలు. మామ దాన్ని చూపించి ఒకే ప్రశ్న అడిగాడు.

"బిడ్డా, కింద ఉన్నది మాది కాదంటరు. మరి మీద ఉన్నది మాదేనా?"

దీనికి జవాబు రెండు భాగాలుగా చెప్పాలి.

మొదట కింద ఉన్నదాని సంగతి. అమెరికాలో నేల మీద హక్కు వేరు, నేల కింద ఖనిజం మీద హక్కు వేరు. రెంటినీ విడివిడిగా కొనవచ్చు, అమ్మవచ్చు, పిల్లలకు రాసివ్వవచ్చు. అందుకే అక్కడి మనిషి తన ఖనిజ హక్కు దగ్గర చమురు బావి, గ్యాస్ బావి ఎక్కడ తవ్వారో పటంలో వెతుక్కుంటాడు. టెక్సాస్‌లో ఆ పటాలను ఇచ్చే ఆఫీసు పేరు రైల్‌రోడ్ కమిషన్. రైళ్ళ పేరు పెట్టుకుని చమురు బావుల లెక్క చూస్తుంది. ఎవరైనా ఇంట్లో కూర్చుని తన నేల చుట్టూ ఉన్న బావులన్నీ చూసుకోవచ్చు. ఓక్లహోమాలో ఓసేజ్ అనే ఆదివాసీ తెగ ఉంది. 1906లో వాళ్ళ భూమిని మనిషికింత అని పంచినప్పుడు, నేల పైభాగం పంచుకున్నా కిందున్న ఖనిజాన్ని మాత్రం తెగ మొత్తానికి ఉమ్మడిగా ఉంచుకున్నారు. చమురు పడ్డాక ఆ డబ్బు జాబితాలో పేరున్న ప్రతి మనిషికీ వాటాగా వచ్చింది. ఆ వాటాల కోసమే 1920ల్లో ఎందరో ఓసేజ్‌లను బయటివాళ్ళు చంపారు. హక్కు ఉన్నా కాపాడుకోవడం అంత కష్టమైంది వాళ్ళకు.

మన దేశంలో లెక్క వేరు. నేల కింద ఖనిజం మామూలుగా భూయజమానిదేనని, చట్టం ద్వారా తీసుకుంటే తప్ప అది అతనిదేనని 2013లో సుప్రీంకోర్టు కేరళ మలబారు భూముల కేసులో చెప్పింది. ఆ మాట విని "బొగ్గు మనదే" అని సంబరపడిన యువకులను చూశాను. తొందరపడవద్దు. బొగ్గు కోసం పార్లమెంటు వేరే చట్టాలు చేసింది. గనులు, ఖనిజాల చట్టం 1957లో వచ్చింది. బొగ్గు ఉన్న భూముల సేకరణ చట్టం కూడా అదే ఏడాదిది. 1970ల మొదట్లో ప్రైవేటు బొగ్గు గనులను జాతీయం చేశారు. లీజు లేకుండా తట్టెడు బొగ్గు కూడా తవ్వే హక్కు మామకు లేదు. ఓసేజ్‌ల లాంటి వాటా మనకు రాదు.

ఇక మీద ఉన్నదాని సంగతి. ఇక్కడ మనకు చాలా ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన 1/70 సవరణ ఉన్నాయి. 1997 జూలైలో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం గనుల లీజులివ్వడం చెల్లదని తీర్పిచ్చింది. విశాఖ మన్యం గనుల మీద వచ్చిన ఆ తీర్పు మన తెలుగు నేల నుంచే పుట్టింది. ప్రభుత్వ సంస్థలను అది ఆపలేదని కూడా తెలిసి ఉండాలి. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి సేకరించేముందు గ్రామసభను సంప్రదించాలి. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ ఇంకా ముందుకు పోయి గ్రామసభ సమ్మతి కావాలంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాకా అడవిలో ఉన్నవాళ్ళను కదిలించకూడదు.

ఈ హక్కులన్నిటికీ ఒక షరతు ఉంది. నీ భూమి ఏ గీతకు లోపల ఉందో నువ్వు చూపించాలి. షెడ్యూల్డ్ గ్రామానికి లోపలా బయటా, లీజు గీతకు లోపలా బయటా, అడవి గీతకు లోపలా బయటా. మా గోదావరిఖని షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఇక్కడున్న ఆదివాసీ కుటుంబానికి పెసా వర్తించదు. అదే కుటుంబానికి ఆసిఫాబాద్ వైపు ఊళ్ళో చేనుంటే అక్కడ వర్తించవచ్చు. మనిషి మారలేదు, గీత మారింది.

అందుకని ఆరోజు మామకు ఇట్లా చెప్పాను: "మీద ఉన్నది మీదే మామా. కానీ మీదని కాగితం మీద, పటం మీద చూపాలె."

ఏ పటాలు, ఎక్కడ దొరుకుతాయి? నేను వెతికిన వరుసలోనే చెబుతాను.

మొదటిది ఊరి నక్షా. సర్వే నంబర్లన్నీ గీతలతో కనిపించే పటం ఇది. దానికి తోడు మీ నంబరు కొలతలు చూపే టిప్పన్, పేరు చూపే పహాణీ. పాత సంగతి కావాలంటే సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ చూడాలి. ఇవి మండల ఆఫీసులో, జిల్లా సర్వే ఆఫీసులో ఉంటాయి. ఈ ఒక్కటి లేకపోతే మిగిలిన పటాలన్నీ మన చేతిలో బొమ్మలే. గని పటంలో మీ పేరుండదు, సర్వే నంబరే ఉంటుంది.

రెండోది సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్. 1767 నుంచి పని చేస్తున్న సంస్థ ఇది. ఒకప్పుడు ఈ పటాలు మనలాంటివాళ్ళకు దొరికేవి కావు. 2005లో జాతీయ పటాల విధానం వచ్చాక అందరికీ ఇచ్చే వరుస మొదలైంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దించుకోవచ్చు. 1:50,000 స్కేలు అంటే పటంలో ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. వాగులు, గుట్టలు, పాత ఊళ్ళు, అడవి హద్దులు ఇందులో ఉంటాయి.

మూడోది భూగర్భ పటం. జియలాజికల్ సర్వే వాళ్ళ భూకోశ్ పోర్టల్‌లో ఉచితంగా చూడవచ్చు. రంగు రంగుల పట్టీల్లా ఉంటుంది. ఒక్కో రంగు ఒక్కో రాయి. మన లోయలో బరాకర్ అని రాసి ఉన్న పట్టీని గుర్తుపట్టండి. బొగ్గు పొరలు ప్రధానంగా ఆ రాళ్ళల్లోనే ఉంటాయి. ఆ పట్టీ నేల మీదకు తేలినచోట బొగ్గు పైనే దొరకవచ్చు. అక్కడి నుంచి పొర ఏటవాలుగా కిందికి దిగుతుంది. అందుకే పైకి తేలినచోట ఓపెన్‌కాస్ట్, లోతుకు పోయినచోట అండర్‌గ్రౌండ్ గని వస్తుంటాయి. మీ ఊరు పట్టీకి ఏ వైపున ఉందో చూస్తే రేపు రాబోయేది ఏ రకం గనో కొంత ఊహించవచ్చు.

నాలుగోది అనుమతుల పటం. పర్యావరణ అనుమతికి, అటవీ అనుమతికి గని యాజమాన్యం పెట్టుకునే దరఖాస్తులు కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో ఉంటాయి. అటవీ భూమి అడిగే దరఖాస్తుకు కేఎంఎల్ అనే ఫైలు జతచేస్తారు. ఆ ఫైలును ఫోన్‌లో గూగుల్ ఎర్త్‌తో తెరిస్తే అడిగిన భూమి గీత ఉపగ్రహం తీసిన ఫొటో మీద పడుతుంది. మీ చింతచెట్టు గీతకు ఇటుందో అటుందో కనిపిస్తుంది. పర్యావరణ నివేదికలో గని చుట్టూ 10 కిలోమీటర్ల దాకా ఊళ్ళు, వాగులు, బావులు చూపే పటం ఉంటుంది. 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో పెట్టాలి. మనవాళ్ళు సభ రోజున పోయి అరిచి వస్తారు. ఆ 30 రోజుల్లో పోయి పటం చూసినవాడు సభలో ఒక్క మాట మాట్లాడినా రాసుకుంటారు.

ఐదోది భూసేకరణ నోటిఫికేషన్‌తో పాటు ఉండే ప్లాన్. 1957 బొగ్గు భూముల చట్టం కింద 4వ సెక్షన్ నోటిఫికేషన్ వస్తే బొగ్గు ఉందో లేదో వెతుకుతామని అర్థం. 7వ సెక్షన్ వస్తే భూమి తీసుకుంటామని అర్థం. అప్పటి నుంచి అభ్యంతరం రాయడానికి 30 రోజులే గడువు. 2013 చట్టం కింద వస్తే 60 రోజులు. ప్లాన్‌ను ఏ ఆఫీసులో చూడవచ్చో నోటిఫికేషన్‌లోనే వెతకండి. "చూడవచ్చు" అని రాశారంటే ఎవరి దయా కాదు, పోయి చూడటం మన హక్కు. చూపించకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు రాయండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పేద కుటుంబాలకు ఫీజు లేదు.

మా ఊరికి తిరిగి వస్తాను. రెండో ఆదివారం ఊళ్ళో చదువుకున్న పిల్లలను ఏడుగురిని కూడగట్టుకున్నాం. ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు చూపే యాప్ పెట్టుకుని ప్రతి దిమ్మె దగ్గరకు నడిచాం. పిల్లలకు ఒక్క లెక్క చెప్పాను. దశాంశ బిందువు తర్వాత మూడో అంకె ఒకటి మారితే నేల మీద ఉత్తర దక్షిణాలకు సుమారు 110 మీటర్లు జరిగినట్టు. అంతే, వాళ్ళకు అది ఆటైపోయింది. పాత ఫ్లెక్సీ వెనక తెల్లటి భాగం మీద ఊరి నక్షాను పెద్దగా గీశాం. దాని మీద దిమ్మెలను ఎర్ర చుక్కలుగా పెట్టాం. సాయంత్రానికి చుక్కలు వరుసలు కట్టాయి. వాగుకు ఇటువైపు దాదాపు నాలుగు వందల మీటర్లకొకటి, సగం ఊరిని దాటి అడవిలోకి. ఊరివాళ్ళు గుడ్లప్పగించి చూశారు. విడివిడిగా చూసినప్పుడు "మా చేన్ల ఒకటి, వాని చేన్ల ఒకటి" అనుకున్నారు. పటం మీద చూశాక ఊరికి వచ్చిన సంగతి అని తెలిసింది.

తర్వాత ముసలమ్మలను పిలిచాం. వాళ్ళు కర్రతో చూపిస్తూ ఉంటే పిల్లలు గుర్తులు పెట్టారు. పెర్సాపేన్ ఉండే చోటు, బొందలగడ్డ, పాత ఊరు ఉన్న దిబ్బ, ఎండాకాలం కూడా ఎండని చెలిమె, ఇప్పచెట్లు, తునికాకు కోసే బోడు. గోండిలో ప్రతి మడుగుకూ ప్రతి మలుపుకూ పేరుంది. టోపోషీట్‌లో ఆ పేర్లలో రెండే ఉన్నాయి, అవీ గుర్తుపట్టలేనంత మారిపోయి. ఒక అవ్వ అంది: "పేరు లేని నేలను ఎవడైనా ఎత్తుకపోతడు." అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తుకు ఇట్లాంటి పటమే కావాలి. పెద్దమనుషుల వాంగ్మూలాన్ని రాసి పెడితే నియమాల ప్రకారం అది కూడా సాక్ష్యమే. ఉపగ్రహం చూడలేనిది అవ్వ చూపించింది.

ఆ పటంతోనే అసలు ప్రమాదం బయటపడింది. ఎర్ర చుక్కల్లో ఎక్కువ భాగం పోడు భూముల్లో ఉన్నాయి. పదకొండు కుటుంబాలు 2005 డిసెంబర్ 13కు ఎంతో ముందు నుంచి దున్నుతున్న నేల అది. అర్జీలు పెట్టి ఏళ్ళు గడిచాయి, పట్టా రాలేదు. రేపు గని వస్తే పట్టా ఉన్నవాడికి పరిహారం, లేనివాడికి కాగితం మీద పేరే ఉండదు. మామ చేనులో సగం పట్టా, సగం పోడు. దిమ్మె పోడులో ఉంది.

ఆ రాత్రి ఊళ్ళో పెద్ద వాదనే అయింది. మామ కొడుకు అన్నాడు, "గని వస్తే రానియ్యి వదినె. నౌకరి వస్తదేమో. ఇక్కడ జొన్నలు పండిచ్చి ఏం కట్టుకున్నం?" వాణ్ణి ఎవరూ తిట్టలేదు. ఇంటర్ చదివి ఖాళీగా ఉన్న పిల్లవాడి మాట అది. మా నాన్న బాయి జీతంతోనే నేను డైట్‌లో చదివి టీచర్నయ్యాను. బొగ్గు తిండి తిన్నదాన్ని, బొగ్గు వద్దని నేనెట్లా అంటాను? నేనన్నది ఒకటే. "వద్దన్నా కావాలన్నా ముందు తెలుసుకుని అనాలె. నౌకరి ఇస్తమని ఎవలన్న కాగితం మీద రాసిచ్చిండ్రా? ఓపెన్‌కాస్ట్ అయితే ఎంతమందికి పని ఉంటదో అడిగినవా? నీ పోడుకు పట్టా లేకుంటే నష్టపోయినోళ్ళ లిస్టుల నీ పేరు ఎక్కడ వస్తది?" వాడు చాలాసేపు పటం వైపే చూశాడు.

మరుసటి నెల గ్రామసభలో రెండు తీర్మానాలు రాశారు. బోర్లు ఎవరు, ఏ అనుమతితో వేశారో ప్లాన్‌తో సహా గ్రామసభకు చూపాలని ఒకటి. పెండింగ్‌లో ఉన్న అటవీ హక్కుల అర్జీలను ముందు తేల్చాలని రెండోది. ఫ్లెక్సీ పటాన్ని ఫొటో తీసి జతచేశారు. మొదటి అర్జీకి అరకొర జవాబు వచ్చింది, పై అధికారికి అప్పీలు పెట్టారు. రెండోదాని మీద విచారణకు ఈ ఎండాకాలం మనుషులు వచ్చి హద్దులు చూసిపోయారు. ఇంకా ఏదీ తేలలేదు. బోరు వేసినంత మాత్రాన గని వస్తుందని కూడా లేదు. పొర పలచగా ఉంటే, లోతుగా ఉంటే ఏళ్ళ తరబడి అట్లాగే వదిలేయవచ్చు. కానీ ఊరివాళ్ళు ఇప్పుడు ఎవరికో భయపడి ఎదురుచూడటం లేదు, తారీకులు రాసుకుని ఎదురుచూస్తున్నారు.

గని పటం భూమి పోయేవాళ్ళకే కాదు, గనిలో దిగేవాళ్ళకూ ప్రాణం. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలా గనిలోకి పక్కనున్న పాత తవ్వకాల నీళ్ళు విరుచుకుపడి 375 మంది పోయారు. మన గోదావరిఖనిలోనే 2003 జూన్ 16న 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్ళు ముంచెత్తి 17 మంది చనిపోయారు. ఆ పేరు చెబితే ఇప్పటికీ మా బస్తీలో ఆడవాళ్ళు మాట ఆపేస్తారు. 2002 జూలైలో అమెరికా పెన్సిల్వేనియాలో క్వీక్రీక్ గనిలో తొమ్మిదిమంది కార్మికులు పక్క పాత గని గోడను పొడిచారు. పాత గని ఎంత దూరందాకా తవ్వారో చూపే చివరి పటం వాళ్ళ చేతిలో లేదు. నీళ్ళు ముంచెత్తాయి. పై నుంచి బోరు వేసి మూడు రోజులకు పైగా కష్టపడి తొమ్మిదిమందినీ బతికించారు. ఆ తర్వాత పాత గనుల పటాలను వెతికి పోగుచేసి ప్రజలందరూ చూసేలా పెట్టే పని అక్కడ ఊపందుకుంది. పటం అటకెక్కితే మనుషుల ప్రాణం మీదకు వస్తుంది.

కోనసీమ సంగతి కూడా ఇట్లాంటిదే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపు పేలి తెల్లవారుజామున నిద్రలో ఉన్నవాళ్ళు కాలిపోయారు. పటం ఉంటే మంట ఆగేదని నేననను. కానీ ఇంటి పక్క నుంచి ఏ పైపు పోతోందో, ఏ వాసన వస్తే ఎటు పరుగెత్తాలో తెలియడం మనిషికి కనీస హక్కు.

డబ్బు సంగతి ఒక్క మాట. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్ పెట్టారు. ఆ జనవరి 12కు ముందున్న లీజులైతే రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం, ఆ తర్వాత వేలంలో ఇచ్చినవైతే 10 శాతం ఈ నిధికి గని నడిపేవాళ్ళు కట్టాలి. గని వల్ల దెబ్బతిన్న ఊళ్ళ మంచినీళ్ళు, బడి, ఆరోగ్యం కోసం ఆ డబ్బు. దెబ్బతిన్న ఊరో కాదో తేల్చేది గని నుంచి దూరం. ఇక్కడా మళ్ళీ పటమే. ఓసేజ్‌ల లాంటి వాటా మనకు లేకపోయినా, ఈ వాటా కోసం అడగడానికి గ్రామసభకు నోరుంది.

టీచర్ మిత్రులకు నా మనవి. నాలుగు, ఐదు తరగతుల పరిసరాల విజ్ఞానంలో పటాలు, దిక్కులు అనే పాఠం ఎట్లాగూ చెబుతాం. ఆ పాఠాన్ని గోడమీది పటంతో ముగించకండి. బడి నుంచి ఇంటికి అడుగులు లెక్కపెట్టించండి. పది అడుగులు ఒక గడి అని గళ్ళ కాగితం మీద గీయించండి. స్కేలు అంటే ఏమిటో అప్పుడే వాళ్ళ కాళ్ళకు తెలుస్తుంది. 1:50,000 పటంలో నాలుగు వందల మీటర్లు ఎన్ని మిల్లీమీటర్లో లెక్క చేయించండి. ఎనిమిది అని వాళ్ళే చెబుతారు. ఊరి పేర్లను వాళ్ళ ఇంటి భాషలో రాయించండి, గోండి అయితే గోండి, కోయ అయితే కోయ. మా తరగతిలో ఒక పాప తన ఇల్లు గీసి, ఇంటి కింద నల్ల గీత, దాని కింద నీలం రంగు వేసింది. ఇదేంటి అని అడిగితే "మా తాత తవ్విన బొగ్గు టీచర్, ఇప్పుడు అక్కడ నీళ్ళున్నయట" అంది. ఆ పాప ఇంటికి పోయి తాతను అడిగి వచ్చింది. పాఠం అక్కడికి చేరితే చాలు.

యువకులకు నా మాట. మీ చేతిలో ఫోనుంది. మీ గ్రామం షెడ్యూల్డ్ జాబితాలో ఉందో లేదో చూడండి. ఊరి నక్షా నకలు తీసి గ్రామసభలో పెట్టండి. పరివేశ్‌లో మీ మండలం పేరు కొట్టి ఏ దరఖాస్తులు ఉన్నాయో నెలకొకసారి చూడండి. చేనులో కొత్త దిమ్మె కనిపిస్తే దాని మీద నంబరు, తారీకు, అక్షాంశం, రేఖాంశం రాసుకోండి, ఫొటో తీయండి. పీకేయకండి, అది మన సాక్ష్యం కూడా. అర్జీ పెట్టిన ప్రతిసారీ రశీదు తీసుకోండి. ఊళ్ళో అవ్వలు ఉన్నప్పుడే వాళ్ళతో మీ ఊరి పటం గీయించుకోండి. ఈ పనికి డబ్బు పెద్దగా అక్కరలేదు, ఒక ఎండాకాలం సెలవులు చాలు.